పంటి సాక్ష్యం: పశువుల వయోనిర్ణయ చరిత్రలో ఎద్దు, గుర్రం, కుక్క
(తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల నేపథ్యంలో ఒక పరిశీలన)

వ్యాససంగ్రహం

పుట్టిన తేదీ రాసిపెట్టే అలవాటు లేని చోట ప్రాణి వయస్సును దాని పళ్ళను బట్టి నిర్ణయించడం చాలా ప్రాచీనమైన పద్ధతి. పాణిని వ్యాకరణం, వరాహమిహిరుని బృహత్సంహిత, 19వ శతాబ్ది ఇంగ్లండు కార్మిక చట్టం, కృష్ణా డెల్టాలోని ఎడ్ల బలప్రదర్శన పోటీలు ఈ పద్ధతికి వేర్వేరు కాలాల్లోని సాక్ష్యాలు. ఎద్దుకూ గుర్రానికీ ఇంత విస్తృతమైన దంతపరిభాష ఏర్పడగా కుక్కకు ఎందుకు ఏర్పడలేదన్నది ఈ వ్యాసం వేసుకున్న ప్రధాన ప్రశ్న. పన్ను మొలవడం, పన్ను అరగడం అనే రెండు సాక్ష్యాల విలువ ఒకటి కాదని నిరూపించడం, ఆ తేడా నేటి పశుబీమా, వీధికుక్కల టీకా కార్యక్రమాలలో ఎలా పనిచేస్తుందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: దంతపరీక్ష, వయోనిర్ణయం, పాలపళ్ళు, ఒంగోలు జాతి, అశ్వశాస్త్రం, వీధికుక్కలు, పశుబీమా.

1. ఉపోద్ఘాతం

తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణాలు కృష్ణా పశ్చిమ డెల్టాలోనివి. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడినప్పుడు రేపల్లె ఆ జిల్లాలో చేరింది, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. పాలనాపరంగా విడిపోయినా ఈ మూడు పట్టణాల చుట్టూ ఉన్న పల్లెల సేద్యం ఒకటే. 1855లో విజయవాడ వద్ద కృష్ణానదిపై ఆనకట్ట పూర్తయిన తర్వాత ఇక్కడ వరిసాగు విస్తరించింది. దమ్ము చేయడానికీ, ధాన్యం తోలడానికీ బలమైన ఎడ్లు తప్పనిసరి అయ్యాయి. ఎద్దును కొనే రైతు ముందుగా తెలుసుకోవలసింది దాని వయస్సు. అమ్మేవాని మాట ఒక్కటే నమ్మి డబ్బు పెట్టలేడు గనుక ఎద్దు నోరు తెరిచి చూస్తాడు.

ఈ చూపు కేవలం సంతబేరానికి సంబంధించిన నేర్పు కాదు. దానికొక పరిభాష ఉంది, తర్కం ఉంది, రెండు వేల ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. తెలుగులో పశుసంపదపై వచ్చిన రచనలు జాతి లక్షణాలపై చూపిన శ్రద్ధ వయోనిర్ణయ చరిత్రపై అంతగా చూపలేదు. ఆ లోటును కొంతవరకైనా పూరించడానికి ఇక్కడ ప్రయత్నించడమైనది.

2. వ్యాకరణంలో దంతపరీక్ష

పళ్ళను బట్టి వయస్సు చెప్పడానికి భారతదేశంలో దొరికే ప్రాచీన సాక్ష్యాలలో విలువైనది పశువైద్యగ్రంథం కాదు, వ్యాకరణం. పాణిని అష్టాధ్యాయిలో ఐదవ అధ్యాయం నాలుగవ పాదంలోని 141వ సూత్రం ప్రకారం, వయస్సు అనే అర్థం ఉన్నప్పుడు బహువ్రీహి సమాసం చివరనున్న 'దంత' శబ్దం రూపం మారుతుంది. సంఖ్యావాచకం ముందుంటే 'ద్విదన్', 'చతుర్దన్', 'షోడన్' వంటి రూపాలు వస్తాయి. ఇవి వరుసగా రెండు పళ్ళది, నాలుగు పళ్ళది, ఆరు పళ్ళది అని చెప్పే పదాలు.

వ్యాఖ్యాతలు ఇక్కడ చూపే ప్రత్యుదాహరణ మరింత గమనించదగినది. రెండు దంతాలున్న ఏనుగును చెప్పేటప్పుడు 'ద్విదన్' అనకూడదు, 'ద్విదంత' అనాలి. ఏనుగు విషయంలో రెండు అనేది అవయవసంఖ్య మాత్రమే, దానివల్ల వయస్సు తెలియదు. అంటే 'రెండు పళ్ళు' అన్న మాట ఒకచోట లెక్క, మరొకచోట కాలమానం అన్న భేదాన్ని ఆనాటి భాషావ్యవహారం స్పష్టంగా పాటించింది. వ్యాకరణం ఆ భేదానికి ప్రత్యేకంగా ఒక సూత్రాన్ని కేటాయించవలసి వచ్చింది.

పాణిని పళ్ళతో ఆగలేదు. మూపురం ఎదిగిన తీరును బట్టి వయస్సు చెప్పే సమాసాలకు అదే పాదంలో 146వ సూత్రం ఉంది. మూపురం ఇంకా రాని దూడకు ఒక రూపం, నిండిన మూపురం గల ఎద్దుకు మరో రూపం ఏర్పడతాయి. కొమ్ము పొడవును బట్టి వయస్సు సూచించే సమాసాల స్వరాన్ని ఆరవ అధ్యాయంలో ప్రస్తావించాడు. పన్ను, మూపురం, కొమ్ము అనే ఈ మూడు గుర్తులనూ నేటికీ ఒంగోలు గిత్తను కొనేవారు చూస్తారు. అష్టాధ్యాయి కాలాన్ని సాధారణంగా క్రీ.పూ. 5–4 శతాబ్దాలుగా భావిస్తారు గనుక, 'రెండు పళ్ళ కోడె' అనే తెలుగు పదబంధంలో ఉన్న ఆలోచన ఎంత పాతదో ఊహించవచ్చు.

కౌటిల్యుని అర్థశాస్త్రంలో ఇదే అవసరం రాజ్యపాలన కోణంలో కనిపిస్తుంది. గోవుల అధ్యక్షుడు పశువులను లేగలు, పెద్ద దూడలు, మరపదగినవి, బరువులాగేవి, ఆబోతులు అంటూ దశలవారీగా విభజించాలి. అశ్వాధ్యక్షుడు ప్రతి గుర్రానికీ జాతి, వయస్సు, రంగు, గుర్తులు నమోదు చేయాలి. అదే గ్రంథంలో వేటగాళ్ళతో పాటు అడవుల్లో తిరిగే కుక్కలు కూడా ఉన్నాయి. అయితే గుర్రాలకు చెప్పినట్లు కుక్కలకు వయస్సు నమోదు చెప్పలేదు. ఈ తేడా చిన్నదిగా కనిపించినా తరువాతి చరిత్రకు ఇది సూచిక.

3. వరాహమిహిరుని గుర్రం

క్రీ.శ. 6వ శతాబ్దానికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలోని అశ్వలక్షణ అధ్యాయంలో గుర్రం వయస్సును పళ్ళతో నిర్ణయించే పద్ధతిని ఒకే శ్లోకంలో ఇమిడ్చాడు. దాని సారాంశం ఇది. ఆరు తెల్లని పళ్ళుంటే అది పిల్ల. అవే పళ్ళు కషాయవర్ణానికి మారితే రెండేళ్ళది. నడిమి జత, దాని పక్క జత, చివరి జత వరుసగా ఊడి మళ్ళీ వచ్చినప్పుడు మూడు, నాలుగు, ఐదేళ్ళు. ఆ తర్వాత పంటిపై కనిపించే నలుపు, పసుపు, తెలుపు, గాజు రంగు, తేనె రంగు, శంఖవర్ణం, గుంటలు పడటం, కదలడం అనే ఎనిమిది దశలు. ఒక్కో దశకు మూడేళ్ళు. చివరికి పళ్ళు రాలిపోవడం.

ఆధునిక పశువైద్యం ప్రకారం గుర్రానికి మూడు జతల శాశ్వత కుంతకాలు సుమారు రెండున్నర, మూడున్నర, నాలుగున్నర ఏళ్ళకు మొలిచి, మరో ఆరు నెలలకు ఎదుటి పంటితో ఆనుతాయి. కాబట్టి వరాహమిహిరుడు చెప్పిన మూడు, నాలుగు, ఐదు అనే అంకెలు నేటి లెక్కకు సరిపోతాయి. కాని ఐదేళ్ళ తర్వాత చెప్పిన రంగుల దశలకు అంత ఖచ్చితత్వం లేదు. సమానంగా మూడేసి ఏళ్ళు పంచిన విధానం పరిశీలనకంటే క్రమబద్ధీకరణపై ఆసక్తిని ఎక్కువగా సూచిస్తున్నది. ఒకే శ్లోకంలో మొదటి సగం కొలత, రెండవ సగం అంచనా. ఈ వ్యాసంలోని వాదానికి ఈ విభజనే మూలం.

తెలుగులోనూ అశ్వశాస్త్రం కావ్యరూపం ధరించింది. మనుమంచిభట్టు రచించిన హయలక్షణవిలాసము ఇందుకు నిదర్శనం. యుద్ధానికి గుర్రం ప్రాణాధారమైన కాలంలో దాని లక్షణాలు పద్యాలకెక్కడం సహజమే. ప్రబంధాల వేటఘట్టాలలో వేటకుక్కల వర్ణనలు కూడా సుపరిచితమే. అయితే అక్కడ కవుల దృష్టి వేగంమీద, పౌరుషంమీద నిలిచింది.

4. డెల్టాలో ఎద్దు నోరు

ఎద్దుకు పై దవడలో ముందు పళ్ళు ఉండవు, గట్టి చిగురుదిమ్మె మాత్రమే ఉంటుంది. కింది దవడ ముందుభాగంలో నాలుగు జతలుగా ఎనిమిది పళ్ళు ఉంటాయి. దూడకు మొదట వచ్చేవి పాలపళ్ళు. అవి మధ్యనుంచి అంచులవైపు జతలు జతలుగా ఊడి, వాటి స్థానంలో వెడల్పైన శాశ్వతదంతాలు వస్తాయి. మన జాతులలో మొదటి జత సుమారు రెండు, రెండున్నర ఏళ్ళకు, చివరి జత నాలుగున్నర, ఐదేళ్ళకు వస్తుంది. విదేశీ జాతులలో ఇది ఇంకొంచెం ముందే జరుగుతుంది.

ఈ క్రమాన్ని తెలుగు రైతు చాలా పొదుపుగా చెప్పాడు. పాలపళ్ళ కోడె, రెండు పళ్ళ కోడె, నాలుగు పళ్ళది, ఆరు పళ్ళది అంటే చాలు, ఏళ్ళు లెక్క చెప్పనక్కరలేదు. 'కోడె రెండు పళ్ళు వేసింది' అన్న వాక్యంలో మరపడానికి తగిన వయస్సు వచ్చిందన్న అర్థం కూడా ఇమిడి ఉంది. పాణిని 'ద్విదన్' ఏ భావాన్ని చెప్పిందో ఈ వాక్యమూ అదే భావాన్ని చెబుతున్నది. ఇది సంస్కృతం నుంచి వచ్చిన అనువాదం కానక్కరలేదు. ఒకే జంతువును, ఒకే అవసరంతో చూసిన రెండు సమాజాలు ఒకే కొలతకు చేరుకున్నాయనుకోవడం సమంజసం.

ట్రాక్టర్లు వచ్చాక డెల్టా పొలాలలో ఎద్దు పని తగ్గింది. అయినా ఈ పరిభాష బతికి ఉన్నది ఎడ్ల బలప్రదర్శన పోటీల వల్ల. గుంటూరు, బాపట్ల, ప్రకాశం, పల్నాడు జిల్లాలలో సంక్రాంతి, శివరాత్రి తిరునాళ్ళ సందర్భంగా జరిగే బండలాగుడు పందేలలో పాలపళ్ళ విభాగం, రెండు పళ్ళ విభాగం, నాలుగు పళ్ళ విభాగం, ఆరు పళ్ళ విభాగం అని పోటీలను విడదీస్తారు. పుట్టిన తేదీ చూపమని ఎవరూ అడగరు, నోరు చూస్తే చాలు. మొలిచిన శాశ్వతదంతాన్ని దాచడం యజమానికి సాధ్యం కాదు. పందెంలో గెలుపు, గిత్త ధర, ఊరి పరువు ఈ ఒక్క పరీక్షపై ఆధారపడతాయి.

ఈ పరిభాష సముద్రాలు కూడా దాటింది. ఒంగోలు జాతి పశువులు బ్రెజిల్‌కు వెళ్ళి అక్కడ 'నెలోర్' పేరుతో స్థిరపడ్డాయి. 1960ల ఆరంభంలో వెళ్ళిన మందలు ఆ జాతికి మరింత బలమిచ్చాయి. బ్రెజిల్ మాంసపరిశ్రమలో పశువులను వయస్సును బట్టి వర్గీకరించేటప్పుడు పాలపళ్ళవి, రెండు పళ్ళవి, నాలుగు పళ్ళవి, ఆరు పళ్ళవి, ఎనిమిది పళ్ళవి అనే మాటలే వాడతారు. మన దగ్గర బండలాగే గిత్తకూ, అక్కడ మాంసానికి పెంచే దాని బంధువుకూ కాలాన్ని కొలిచే సాధనం ఒక్కటే కావడం విశేషం.

5. పిల్లల పళ్ళు, పశువుల పళ్ళు: ఇంగ్లండు అనుభవం

పళ్ళు చూసి వయస్సు చెప్పే పద్ధతి ఒకప్పుడు మనుషులకూ అన్వయించింది. 1833 నాటి ఇంగ్లండు ఫ్యాక్టరీ చట్టం తొమ్మిదేళ్ళ లోపు పిల్లలను నూలుమిల్లుల వంటి కర్మాగారాలలో పనికి పెట్టరాదని శాసించింది. తొమ్మిది నుంచి పదమూడేళ్ళ లోపువారికి పనిగంటలను పరిమితం చేసింది. కాని జననాల పౌరనమోదు అక్కడ మొదలైంది 1837లో. అందువల్ల పిల్లవాడి వయస్సు ఎంతో తేల్చే ఆధారం లేకపోయింది. ఎత్తును బట్టి నిర్ణయించడం మొదలుపెడితే, తిండిలేక ఎదగని పిల్లలకూ బాగా ఎదిగిన పిల్లలకూ తేడా తెలియలేదు.

ఎడ్విన్ సాండర్స్ అనే దంతవైద్యుడు 1837లో ప్రచురించిన చిన్న గ్రంథంలో, ఎత్తుకంటే పన్ను నమ్మదగిన సాక్షి అని వాదించాడు. వెయ్యిమందికి పైగా పిల్లలను పరీక్షించి ఆ నిర్ణయానికి వచ్చాడు. 1854లో జేమ్స్ బేర్ట్ సైమండ్స్ ఎద్దు, గొర్రె, పందుల వయోనిర్ణయంపై పుస్తకం వెలువరించాడు. పశుప్రదర్శనలలో వయస్సు తక్కువ చెప్పి బహుమతులు కొట్టేవారిని పట్టుకోవడానికి ఈ శాస్త్రం ఉపయోగపడింది. తిరునాళ్ళలో రెండు పళ్ళ విభాగానికి చేసే పరీక్షకూ, ఇంగ్లండు ప్రదర్శనలలోని పరీక్షకూ ప్రయోజనం ఒకటే.

గుర్రాల వ్యాపారంలో మోసం మరో రూపం తీసుకుంది. ముసలి గుర్రం పళ్ళపై గుంటలు చెక్కి, వాటిని కాల్చి నల్లబరచి, లేతగుర్రంలా చూపించేవారు. గమనించవలసింది ఏమంటే, ఈ మోసం అరుగుదల గుర్తుల విషయంలోనే సాధ్యమైంది. మొలవని పన్నును మొలిచినట్లు చూపడం ఏ మోసగానికీ చేతకాలేదు.

6. కుక్కకు పరిభాష ఎందుకు లేదు?

కుక్కకు పాలపళ్ళు 28, శాశ్వతదంతాలు 42. పాలపళ్ళు మూడు నాలుగు వారాల వయస్సులో మొదలై రెండు నెలలకల్లా దాదాపు పూర్తవుతాయి. శాశ్వత కుంతకాలు మూడు నుంచి ఐదు నెలల మధ్య, కోరపళ్ళు ఐదారు నెలలకు, చివరి చర్వణకాలు ఆరేడు నెలలకు వస్తాయి. ఏడు నెలలు నిండేసరికి నోరు పూర్తవుతుంది.

ఇక్కడే అసలు తేడా ఉంది. ఎద్దుకు మొలక సాక్ష్యం సుమారు ఐదేళ్ళ వరకు అందుతుంది. గుర్రానికీ దాదాపు అంతే. కుక్కకు ఆ సాక్ష్యం ఏడు నెలలతోనే ముగుస్తుంది. ఆ తర్వాత మిగిలేది అరుగుదల ఒక్కటే. పాత పశువైద్యగ్రంథాలు దానికీ ఒక పట్టిక ఇచ్చాయి. కుక్క కుంతకం అంచున మూడు మొనలు ఉంటాయి. కింది దవడ నడిమి జత మొనలు సుమారు ఏడాదిన్నరకు, పక్క జతవి రెండున్నర ఏళ్ళకు, పై దవడ నడిమి జతవి మూడున్నర ఏళ్ళకు, పై పక్క జతవి నాలుగున్నర ఏళ్ళకు అరుగుతాయని అవి చెబుతాయి. కాని ఎముకలు కొరికే కుక్కకూ, మెత్తని అన్నం తినే కుక్కకూ, రాయిని నోట కరిచి ఆడే కుక్కకూ ఈ లెక్క ఒకేలా సరిపోదు. గారపట్టడం, చిగుళ్ళవాపు కూడా జాతిని బట్టి, తిండిని బట్టి మారతాయి.

రెండవ కారణం ఆర్థికమైనది. ఎద్దు బతుకంతా సంతలో చేతులు మారే సొమ్ము. గుర్రం రాజుకు పెట్టుబడి. ఊరికుక్కకు అమ్మకం, కొనుగోలు లేవు. ఉచితంగా వచ్చినదాని పళ్ళు ఎంచకూడదని లోకంలో పలు భాషల సామెతలు హెచ్చరిస్తాయి. ఆంగ్లంలో ఆ సామెతలోని జంతువు గుర్రం, హిందీలో ఆవుదూడ. అక్కడ కుక్క కనిపించకపోవడం యాదృచ్ఛికం కాదు. ధర లేని జంతువు నోరు ఎవరూ తెరవలేదు. పరిభాష పుట్టేది జీవశాస్త్రం నుంచి మాత్రమే కాదు, బేరం నుంచి కూడా అని దీనివల్ల తెలుస్తున్నది.

7. మొలక, అరుగుదల: రెండు సాక్ష్యాల విలువ

పైన చూపిన ఆధారాలను కలిపి చూస్తే ఒక సూత్రం తేలుతుంది. పన్ను మొలవడం శరీరం లోపలి కాలానుసారి మార్పు. తిండి, జబ్బు దానిని కొంత ముందువెనుకలు చేయగలవు గాని తారుమారు చేయలేవు. అరుగుదల బయటి ప్రపంచం పంటిపై రాసిన చరిత్ర. అది కాలాన్ని కాక తిండిని, మేతభూమిని, అలవాటును నమోదు చేస్తుంది. డెల్టా పశువు ఎక్కువగా తినేది వరిగడ్డి. వరిగడ్డిలో సిలికా అధికం. మెత్తని పచ్చిమేత తిన్న పశువు పన్ను, ఏడాదంతా గడ్డి నమిలిన పశువు పన్ను ఒకే వయస్సులో ఒకేలా కనిపిస్తాయని ఆశించరాదు.

ఈ తేడాకు నేడు డబ్బు విలువ ఉంది. పశుబీమా పథకాలు పశువు వయస్సుకు కింది హద్దునూ పై హద్దునూ పెడతాయి. పాలిచ్చే ఆవుకు పదేళ్ళు, గేదెకు పన్నెండేళ్ళు పై హద్దుగా ఉండటం వాడుక. కింది హద్దును పళ్ళు స్పష్టంగా తేలుస్తాయి. పై హద్దు దగ్గర పశువైద్యుడు చూడగలిగేది అరిగిన పళ్ళు, కొమ్ములపై వలయాలు మాత్రమే. ఆవుకొమ్ముపై ఈతలతో పాటు వలయాలు పడతాయని, వాటి సంఖ్యకు రెండో మూడో కలిపి వయస్సు చెప్పవచ్చని వాడుక. ఈత తప్పిన ఏడు ఆ లెక్క తప్పుతుంది. అందువల్ల ధ్రువపత్రంలో రాసే 'తొమ్మిదేళ్ళు' అనే అంకె నిజానికి ఒక అభిప్రాయం. దానిని కొలతగా భావించి బీమాసొమ్మును తిరస్కరిస్తే ఒకే గేదెపై బతికే కుటుంబం నష్టపోతుంది. పుట్టిననాడే చెవిపోగు వేసి తేదీ నమోదు చేయడం ఒక్కటే దీనికి శాశ్వత పరిష్కారం.

8. వీధికుక్కల విషయంలో నేటి అవసరం

ఎవరూ కొనని ఊరికుక్క నోటికి ఈ శతాబ్దంలో కొత్త ప్రాధాన్యం వచ్చింది. కుక్కల ద్వారా వచ్చే రేబిస్‌ను 2030 నాటికి నిర్మూలించాలనే జాతీయ కార్యాచరణ ప్రణాళికను భారతప్రభుత్వం 2021లో ప్రకటించింది. ఒక ప్రాంతంలోని కుక్కలలో 70 శాతానికి టీకా అందితే వ్యాధి గొలుసు తెగుతుందన్నది దాని వెనుకనున్న లెక్క. కుక్కపిల్లకు రేబిస్ టీకా సాధారణంగా మూడు నెలల వయస్సు నుంచి వేస్తారు. తెనాలిలోనో బాపట్లలోనో రేపల్లెలోనో వీధిలో దొరికిన పిల్లకు జననపత్రం ఉండదు. టీకా వేసే సిబ్బందికి దాని పళ్ళే దారి చూపాలి.

ఈ అవసరానికి పళ్ళు చక్కగా సరిపోతాయి. ముందు పళ్ళన్నీ సూదుల్లాంటి పాలపళ్ళయితే పిల్లకు ఇంచుమించు నాలుగు నెలలు నిండలేదు. నడుమ వెడల్పైన కొత్త పళ్ళు కనిపిస్తే మూడు నెలలు దాటింది. కొత్త కోరపన్ను పొడుచుకు వస్తుంటే ఐదారు నెలలది. అన్నీ వచ్చి తెల్లగా మెరుస్తుంటే ఏడు నెలలు దాటిన లేతకుక్క. ఆపైన చెప్పగలిగేది లేత, నడి, ముదురు అనే మూడు మాటలే. పై పట్టికను చూసి 'నాలుగున్నరేళ్ళు' అని నమోదు చేయడం శాస్త్రం అనిపించుకోదు. కోరపంటి లోపలి గుజ్జుగది వయస్సుతో సన్నబడుతుంది గనుక ఎక్స్‌రే ద్వారా మరికొంత దగ్గరి అంచనా వేయవచ్చు. అది వీధిలో సాధ్యమయ్యే పని కాదు.

9. పరిశోధనావకాశాలు

1945లో వ్యవసాయ కళాశాల వెలసిన బాపట్ల, గన్నవరంలోని పశువైద్య కళాశాల, గుంటూరు సమీపంలోని లాం పశుపరిశోధన కేంద్రం ఈ ప్రాంతానికి చేరువలోనే ఉన్నాయి. జీవశాస్త్ర పరిశోధనకు ఇక్కడ ఆధారాలు కొరవడలేదు. భాషాశాస్త్ర పరిశోధన మాత్రం తక్షణం జరగాలి. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో వ్యవసాయపదాలతో మాండలిక వృత్తిపదకోశాన్ని వెలువరించినప్పుడు డెల్టాలో ఎడ్లతో సేద్యం చేసే తరం సజీవంగా ఉంది. నేడు పళ్ళు చూసి వయస్సు చెప్పగల పెద్దలు తగ్గిపోతున్నారు. పందెపు గిత్తలను పెంచేవారు, పాతతరం పశువుల బేరగాళ్ళు, పల్లె పశువైద్యసిబ్బంది అనే మూడు వర్గాలనుంచి తెనాలి, బాపట్ల, రేపల్లె మండలాలలో ఈ పదాలను విడివిడిగా సేకరించి పోల్చవలసి ఉంది.

10. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి.

1. పళ్ళ సంఖ్యను వయస్సుకు పర్యాయంగా వాడటం పాణిని కాలానికే స్థిరపడిన భాషావ్యవహారం. తెలుగు ఎడ్ల పోటీలలో అది నేటికీ నియమంగా కొనసాగుతున్నది.
2. వరాహమిహిరుని నుంచి సైమండ్స్ వరకు దంతపరీక్ష నమ్మకంగా నిలిచింది మొలక విషయంలో. అరుగుదల విషయంలో అంచనాకూ మోసానికీ తావు మిగిలింది.
3. కుక్కకు దంతపరిభాష ఏర్పడకపోవడానికి దాని నోరు ఏడు నెలలకే పూర్తికావడం ఒక కారణం, దానికి సంతలో ధర లేకపోవడం మరో కారణం.
4. బీమా ధ్రువపత్రాలలోనూ, వీధికుక్కల నమోదులోనూ మొలకతో తేలిన వయస్సును అంకెగా, అరుగుదలతో ఊహించిన వయస్సును అవధిగా వేర్వేరుగా రాయడం న్యాయం.

ఎద్దు నోరు చూసిన రైతు 'ఆరు పళ్ళది' అని ఆగిపోయాడు. తాను చూసినంతవరకే చెప్పాడు, చూడని ఏళ్ళను కలపలేదు. ధ్రువపత్రాలు రాసే నేటి వ్యవస్థలు ఆ నిగ్రహాన్ని అలవరచుకోవలసి ఉంది.